సింగారి తోక వెనక దొంగ

ఏటి మధ్య లంకలో ఒక పాక. దాని ముందు కాపలా ఉండేది సింగారి అనే గేదె. బాతులు పొద్దున్నే కాలువకి పోతూ, గడ్డివాము అంచున పెట్టిన గుడ్లు ఆవిడకి అప్పగించేవి. సాయంత్రం వచ్చి ఆవిడ కాళ్ళ చుట్టూ ముసిరే ఈగల్ని తినిపెట్టేవి. సింగారి వాముకి వీపు పెట్టి, జమ్ము పొదలకేసి చూస్తూ నిలబడేది. కళ్ళు తలకి చెరోపక్కా ఉన్నాయి కాబట్టి మెడ తిప్పకుండానే లంకంతా కనబడుతుందని ఆవిడకి కాస్త గర్వం.

ఆ ఎండాకాలం గుడ్లు మాయమవడం మొదలైంది. ముసలి పొట్టేలు పెద్దరికంలో పంచాయితీ కూర్చుంది. బయటివాళ్ళయితేనే న్యాయంగా మాట్లాడతారంటూ, పిలవకుండానే జమ్ములోంచి నక్క కూడా వచ్చి కూర్చుంది.

"అంతలేసి కళ్ళున్న మనిషి చూళ్ళేదంటే నమ్మమంటారా? దొంగతో వాటా ఉండుంటుంది" అంది నక్క.

బాతులు తలలూపాయి. నిజం తేలేదాకా సింగారి బురదగుంటలో దిగకూడదని పొట్టేలు తీర్పు చెప్పేసింది.

మండుటెండలో బురద లేకపోతే గేదె చర్మం పగుళ్ళిచ్చేస్తుంది. అయినా సింగారికి ఒంటి మంట కంటే దొంగన్న మాట ఎక్కువ మండింది. ఇన్నేళ్ళు కాపలా కాసినందుకు, ఏం జరిగిందమ్మా అని ఒక్కరైనా అడిగారా? ఆవిడ గిట్టలతో నేల గీరుతూ తోక విసిరింది. అది ఎవరికో తగిలింది.

పక్కకి గెంతిన బాతు అప్పుడు కనబడింది. అది మళ్ళీ తన తోక వెనక్కి పోగానే కనబడలేదు. విచిత్రమేమిటంటే, అక్కడ ఏదో లోటున్నట్టు కూడా సింగారికి తోచలేదు. రోజూ ఉండే గడ్డివామే ఉన్నట్టుంది. కన్ను అందని చోట బుర్ర పాత బొమ్మ అతికించి సరిపెడుతోందన్నమాట. సింగారికి ముందు తన మీదే కోపం వచ్చింది. ఆ సంగతి తనకన్నా ముందే కనిపెట్టిన జిత్తులమారి ఎవరో ఊహించుకోగానే, కోపమంతా అటు మళ్ళింది.

మర్నాడు పంచాయితీలో తప్పు ఒప్పుకుంటానంది.

"చూశాను పెద్దయ్యా. దొంగ ఈ నక్కే. ఎడం పక్క కంచె వారన, తోక కాళ్ళ సందున దోపుకుని, వణుక్కుంటూ పాకింది. దాని భయం చూసి జాలేసి ఊరుకున్నాను."

దొంగన్నందుకు నక్క ఏమీ అనుకోలేదు. వణికిందన్న మాటకి మాత్రం ఒళ్ళంతా రోమాలు లేచాయి.

"వణుక్కుంటూనా, నేనా? ఎడం పక్కకి నీ చూపు పారుతుందని నాకు తెలీదనుకున్నావా? నీ తోక వెనక నించి తిన్నగా, దర్జాగా నడిచొచ్చాను. ఒక్కనాడైనా చూశావా నువ్వు?"

అన్న మాట తన చెవిన పడేసరికే నక్కకి ఆలస్యమైపోయింది. పొట్టేలు కొమ్ములతో, బాతులు ముక్కులతో దాన్ని ఏరు దాటేదాకా తరిమాయి.

తిరిగొచ్చాక పొట్టేలు నసుగుతూ, ఇక గుంటలో దిగమ్మా అంది. సింగారి కదల్లేదు.

"దిగుతాను. ముందు నన్ను దొంగన్నవాళ్ళంతా నా తోక వెనక నిలబడండి. కాసేపు మీ మొహాలు చూడబుద్ధి కావట్లేదు."

పొట్టేలుతో సహా అందరూ తలొంచుకుని వెనక్కి నడిచారు. సింగారి తాపీగా బురదలో దిగింది.

నీతి: చూడలేదన్నవాళ్ళని దొంగలనే ముందు, వాళ్ళ కంటికి ఏది అందదో కనుక్కోవాలి.