వంతెన మీద రాజుగారి గొడుగు

ఒకానొక రాజ్యంలో ప్రజలకు దొంగల భయం లేదు, పులుల భయం లేదు. ఉన్నదల్లా నగర ద్వారం ముందున్న వంతెన భయమే.

ఆ వంతెన మీద బండ్లు ఎలా నడవాలో రాజు రణధీరభూపతి స్వయంగా నలభై రెండు నియమాలు రాసి, రాతి పలక మీద చెక్కించి నిలబెట్టాడు. ఎద్దు మెడలో గంట ఉండాలి, కానీ మోగకూడదు. ఇరుసుకు కందెన ఉండాలి, కానీ కనబడకూడదు. బండి మీద ఏమున్నా కాపలా భటుడి బల్లెం కంటే ఎత్తు ఉండకూడదు. ఇవన్నీ పాటించే బండిని ఆ రాజ్యంలో ఏ వడ్రంగీ చెయ్యలేకపోయాడు.

తప్పు దొరికితే జరిమానా. అదైనా అక్కడే కట్టించుకుంటారా అంటే, లేదు. ఊరికి ఆ చివరున్న కచేరీకి పోవాలి. ఇద్దరు సాక్షుల్ని వెంటబెట్టుకుని, కరణంగారు భోజనం చేసి, కునుకు తీసి వచ్చేదాకా కాచుకోవాలి. అంతవరకూ బండి వంతెన దగ్గరే. ఈ గోల పడలేక జనం భటుడి చేతిలో ఏదో ఒకటి పెట్టి ముందుకు పోయేవారు.

రాజుగారి విదూషకుడు మాచన రోజూ ఆ వంతెన మీదుగానే కొలువుకు రావాలి. రోజూ ఆలస్యమే, రోజూ చీవాట్లే. ఆ పలకను చూస్తేనే అతనికి ఒళ్ళు మండేది.

ఒకనాడు తమలపాకుల బండి తోలే పోలయ్యను కొలువుకు లాక్కొచ్చారు. అతను భటుడికి రెండు కాసులు ఇస్తుండగా రాజే మేడ మీద నుంచి చూశాడు.

"లంచం ఇచ్చావా?" అని గర్జించాడు రాజు.

"ఇచ్చాను దొరా. కచేరీకి పోయొచ్చేసరికి పొద్దు గూకుద్ది. ఆకు వాడిపోతే ఎవరు కొంటారు?"

"విన్నారా! ఇలా ఇచ్చేవాళ్ళ వల్లే పుచ్చుకునేవాళ్ళు చెడిపోతున్నారు. వీడి ఎద్దులు జప్తు. ఎల్లుండి వేలం!"

పుచ్చుకున్న భటుణ్ణి మాత్రం మందలించి వదిలేశాడు.

పోలయ్య ఉన్నచోటే కూలబడ్డాడు. "నన్ను కొట్టండి దొరా, ఎద్దుల్ని తీసుకోబాకండి. అవి లేకపోతే నా పిల్లలకి కూడు లేదు," అని ఏడ్చాడు.

మాచనకు కడుపు మండిపోయింది. ఈ నియమాలు సడలించమని రాజుకు ఎన్నిసార్లు చెప్పి చూశాడు! ఈ మహానుభావుడికి మనిషి చెబితే ఎక్కదు, ఆ వంతెనే చెప్పాలి అనుకున్నాడు. మొహాన ఇంత నవ్వు పులుముకుని లేచాడు.

"మహాప్రభూ, తీర్పు అమోఘం. ఒక్కటే లోటు. పెద్దవాళ్ళు వస్తే భటులు ఊరికే అడ్డుకర్ర ఎత్తేస్తున్నారు. నియమం తప్పినవాడు ఎవరైనా సరే, మహారాజైనా సరే, వదిలిన భటుడి ఉద్యోగం ఊడుతుందని ఒక్క వాక్యం చేర్చండి. లోకం తమర్ని ధర్మరాజంటుంది."

రాజు మీసం దువ్వాడు. "చేర్చండి! చట్టానికి నేనూ లోబడ్డవాణ్ణే," అన్నాడు. ఇలాంటి మాటలు అనేవాళ్ళెవరూ అవి తమకు తగులుతాయనుకోరు.

మర్నాడు ఏటి అవతల పండితసభలో రాజుకు 'న్యాయభాస్కర' బిరుదు ఇవ్వబోతున్నారు. ఆ ముహూర్తం తప్పితే ఆర్నెల్ల దాకా మరొకటి లేదు. రాజు తెల్లగొడుగు రథమెక్కి, మాచనను పక్కన కూర్చోబెట్టుకుని బయలుదేరాడు.

వంతెన మొదట్లో అడ్డుకర్ర పడింది. భటుడు దండం పెడుతూ వచ్చి బల్లేన్ని గొడుగు పక్కన నిలబెట్టాడు. గొడుగు బల్లెం కంటే మూరెడు ఎక్కువ ఎత్తుంది.

"ఓరి మూర్ఖుడా, నేను రాజును!"

"తెలుసు మహాప్రభూ. వదిలితే నా ఉద్యోగం పోతుంది. నిన్ననే దండోరా వేశారు."

"సరే, గొడుగు దించుతాం."

"దించినా జరిగిన తప్పు తప్పేనని తొమ్మిదో నియమం."

"అయితే జరిమానా తీసుకుని తగలడు!"

"ఇక్కడ పుచ్చుకోకూడదు మహాప్రభూ. కచేరీలో కట్టాలి. కరణంగారు ఇప్పుడే భోజనానికి వెళ్ళారు."

"నడిచి పోదామా?" అన్నాడు మాచన వినయంగా.

"బిరుదు పుచ్చుకోవడానికి నడిచి వెళ్ళాలా!" రాజు పళ్ళు నూరాడు. ఎండ నెత్తికెక్కుతోంది. చివరికి మెడలోని ముత్యాలహారం తీసి భటుడి గుప్పిట్లో కుక్కాడు. "పిల్లలకేమైనా కొనిపెట్టు. కర్ర ఎత్తు."

భటుడు నాలుగు వైపులా చూసి కర్ర ఎత్తాడు.

రథం వంతెన దిగగానే మాచన సారథి చేతిలోని పగ్గాలు పట్టుకుని ఆపాడు. "దిగండి మహాప్రభూ. గుర్రాలు జప్తు."

"ఏమిటీ?"

"ఇచ్చేవాడిదే తప్పని తమరే సెలవిచ్చారు. రేపటి వేలంలో పోలయ్య ఎద్దుల పక్కనే కట్టేద్దాం."

"అది లంచం కాదయ్యా! ముహూర్తం దాటిపోతోంది!"

"పోలయ్యకు ఆకు వాడిపోతోంది మహాప్రభూ. తమ బిరుదు ఆర్నెల్లు ఆగినా వాడేది కాదు."

రాజు ఉక్రోషమంతా భటుడి మీదికి మళ్ళింది. "ఆ హారం ఇలా పట్రా!" అని కేకేశాడు.

భటుడు పరుగున వచ్చి కాళ్ళ మీద పడ్డాడు. "నా దగ్గర లేదు మహాప్రభూ. మా పైఅధికారి దళవాయిగారి మనిషి అప్పుడే పట్టుకుపోయాడు. వచ్చినవాటిలో మంచివన్నీ ఆయనకు పంపకపోతే ఈ కొలువు ఇంకొకడికి ఇచ్చేస్తారు."

"దళవాయి ఏం చేసుకుంటాడు?"

భటుడు నీళ్ళు నమిలాడు. "తమ పుట్టినరోజుకు కానుక తేవాలి కదండీ. ఆయన జీతానికి అంత కానుక ఎక్కడొస్తుంది?"

"కంగారు పడకండి మహాప్రభూ," అన్నాడు మాచన. "వచ్చే నెల పుట్టినరోజుకు ఆ హారం తమ మెడలోకే వస్తుంది."

రాజు ముందు ఎర్రబడ్డాడు. తర్వాత మీసాల చాటున నవ్వు కదిలింది. చివరికి కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. బిరుదు మాట మరిచి రథాన్ని వెనక్కి తిప్పించి, పలకను పగలగొట్టించాడు. పనికొచ్చే రెండు మూడు నియమాలే ఉంచి, జరిమానా వంతెన దగ్గరే కట్టించుకుని రసీదు ఇమ్మన్నాడు. పుట్టినరోజు కానుకలు మానిపించాడు. పోలయ్య తన ఎద్దుల మెడలు కావలించుకుని వాటిని ఇంటికి తోలుకుపోయాడు.

"మాచనా, ఆ ముత్యాలహారం నీకే బహుమానం. వెళ్ళి దళవాయి దగ్గర తెచ్చుకో," అన్నాడు రాజు.

మాచన రెండు చేతులూ జోడించాడు. "నన్ను వదిలెయ్యండి మహాప్రభూ. దళవాయిగారి గుమ్మం దాటాలంటే ఆయన మనిషి చేతిలో నేనేం పెట్టను?"

రాజు మళ్ళీ పగలబడి నవ్వి, తన చేతి కంకణం తీసి తానే మాచన చేతికి తొడిగాడు. ఆ రాజ్యంలో మధ్యలో ఎవరి చేతికీ తగలకుండా అందిన మొదటి బహుమానం అదే.