రాజుగారి రెండో కన్ను

రాజుగారు కళ్ళు తెరిస్తేనే తెల్లారినట్టు లెక్క ఆ రాజ్యంలో. ఆ కళ్ళే ఇప్పుడు రోజూ పుసికట్టి అంటుకుపోతున్నాయి. రెప్పల అంచులు ఎర్రగా వాచాయి, వెంట్రుకల మొదట్లో చుండులాంటి పొట్టు. రాజుగారి దిండు గుడ్డలు ఉతికే గవరమ్మే చేతబడి చేసిందన్నాడు ఆస్థాన వైద్యుడు. భటులు ఆమె మెడ మీద కత్తి పెట్టారు.

“ఇది ఉత్త రెప్పల వాపు, ప్రభూ. ఒక కన్ను వైద్యుడిగారికీ, ఒక కన్ను నాకూ పది రోజులు వదలండి. ఆ తరవాత నరకండి,” అంది గవరమ్మ.

వైద్యుడు తన వంతు కంటికి రోజూ కాటుక దట్టించాడు. గవరమ్మ తన వంతు కంటికి వేడినీళ్ళ గుడ్డతో కాపడం పెట్టి, రెప్ప అంచున పొట్టంతా మెల్లగా తుడిచింది. పదో రోజు పొద్దున ఆ కన్నొక్కటే తెరుచుకుంది.

“చూశారా! తన చేతబడి తనే తీసేసుకుంది!” అని అరిచాడు వైద్యుడు. మళ్ళీ కత్తి లేచింది.

“అయితే కళ్ళు మార్చుకుందాం. బాగైన కంటికి ఆయన్నే కాటుక పెట్టమనండి,” అంది గవరమ్మ.

వైద్యుడి చెయ్యి కాటుక భరిణెను గబుక్కున వీపు వెనక్కి దాచేసింది.

తెరుచుకున్న ఆ ఒక్క కంటితోనే రాజుగారు అది చూశారు.