చిలక కోసం ఏడ్చిన సభ

నెలవంకకోట రాజు ప్రతాపభూపతి ఆ ఉదయం తల పట్టుక్కూచున్నాడు. పొరుగురాజు దండెత్తలేదు, వానలూ ఎగ్గొట్టలేదు. కారణం ఒక నాటకం.

ఆ రాజ్యంలో 'నీలోత్పలా పరిణయం' అని ఒక పాత కావ్యం ఉంది. దాన్ని గౌరవించని ఇల్లు లేదు. పట్టుగుడ్డలో చుట్టి, దేవుడి పక్కన పెట్టి, పండగలకి పసుపూ కుంకుమా చల్లేవారు. విప్పి చదివితే గౌరవం తగ్గుతుందని కాబోలు, ఆ పని మాత్రం చేసేవారు కాదు.

అలాంటి కావ్యాన్ని కనకసాని అనే నాటకమేళం పెద్ద, వసంతోత్సవంలో కోట ముందు నాటకంగా ఆడించింది. అంతే, ఊరు రెండుగా చీలిపోయింది. అత్తాకోడళ్లు కొత్త కారణంతో తిట్టుకున్నారు. ఒక మంగలి సగం గడ్డం గీసి, "నాటకం బాగుందన్నావుగా, మిగతా సగం ఆవిడ చేతే గీయించుకో" అని పంపేశాడు.

బాగాలేదన్న వాళ్లకి నాయకుడు అటూ ఇటూ నిక్కబొడిచిన మీసాల ఆస్థాన పండితుడు త్రివిక్రమ సోమయాజి. ఆయనకి 'కావ్యగండభేరుండ' అని బిరుదు. ఎవరిచ్చారో ఆయనకే తెలియాలి.

"కావ్యంలో నాయికకి నడుము ఉందా లేదా అని సందేహం, ప్రభూ! ఈ నాటకంలో చూద్దుము కదా, నడుము స్పష్టంగా ఉంది! ఇంతకన్నా అపచారం ఏముంటుంది?" అన్నాడాయన.

బాగుందన్న వాళ్లకి నాయకుడు సేనాపతి పెద్దిరాజు. "ఆ కావ్యంలో చాదస్తమంతా తీసిపారేసింది. అసలు కన్నా ఇదే నయం!" అని మీసం దువ్వాడు.

రాజుకి విసుగెత్తింది. "రేపు సభలో తేల్చేస్తాం. బాగుందని తేలితే మేళానికి మాన్యం ఇస్తాం. చెడగొట్టిందని తేలితే వాళ్ల వేషాలన్నీ తగలబెట్టి, పొలిమేర దాటిస్తాం" అని ప్రకటించాడు.

కనకసాని పరుగున విదూషకుడు మల్లుభట్టు ఇంటికి వెళ్లింది.

"భట్టుగారూ, ఆ కిరీటాలూ చీరలూ మా అమ్మమ్మ నాటివి. అవి పోతే మా మేళమంతా వీధిన పడుతుంది. మీరే ఏదో ఒకటి చెయ్యాలి."

"నాటకం గురించి నన్నడక్కమ్మా. ముందు వరసలో కూచుని హాయిగా నిద్రపోయాను. ఇంతకీ నువ్వా పుస్తకం చదివావా?"

"ఎవరో ఒకరు చదవాలి కదండీ!"

"అయితే కథంతా చెప్పు."

ఆమె చెప్పింది. ఒకచోట మల్లుభట్టు పకపకా నవ్వాడు. ఎందుకో చెప్పలేదు.

మర్నాడు సభ కిటకిటలాడింది. మల్లుభట్టు ఉత్తరీయంతో కళ్లు తుడుచుకుంటూ లేచాడు.

"ప్రభూ, సోమయాజిగారి మాటే న్యాయం! చివరి ఆశ్వాసంలో నాయకుడు దూరమైనప్పుడు, నీలోత్పల తన పెంపుడు చిలకని గుండెకి హత్తుకుని ఏడుస్తుందే, ఆ ఘట్టం ఈవిడ నాటకంలో లేనే లేదు!"

కనకసాని తెల్లబోయి చూసింది. కాపాడమని వేడుకున్న మనిషే ముంచేస్తున్నాడు!

సోమయాజి ఎగిరి గంతేశాడు. "నేను మొత్తుకుంటున్నదీ అదే! ఆ పద్యాలకి వ్యాఖ్యానం రాశాను కూడా. నాయిక చెంప మీది కన్నీటిబొట్టుని ఆ చిలక దానిమ్మగింజ అనుకుంటుంది. ఆహా, ఏం కల్పన!"

పెద్దిరాజు ఊరుకుంటాడా? "ఆ చిలక ఏడుపు తీసెయ్యబట్టే నాటకం రక్తి కట్టింది. చదివినప్పుడు అక్కడ నాకు ఆవలింతలొచ్చాయి!"

రాజు వెనకబడితే ఏం బాగుంటుంది? "మేమూ చిన్నప్పుడు ఆ ఘట్టం చదివి అన్నం మానేశాం" అన్నాడు గంభీరంగా. సభంతా ముక్కులు చీదింది.

మల్లుభట్టు కనకసాని వైపు తిరిగాడు. "వింటున్నావుగా తల్లీ! అందరి మనసులూ దోచిన ఆ చిలకని ఎందుకు తీసేశావు?"

ఆమె చేతులు జోడించింది.

"నేను తియ్యలేదండీ. దాన్ని మొదటి ఆశ్వాసంలోనే పిల్లి తినేసింది."

"అబద్ధం!" అని అరిచాడు సోమయాజి. రాజు అంతఃపురం నుంచి కావ్యం తెప్పించి ఆయన చేతికే ఇచ్చి చదవమన్నాడు. సోమయాజి ఖంగుమని మొదలుపెట్టాడు. పిల్లి గోడ దూకిన పద్యానికి గొంతు తగ్గింది. ఈకలు మిగిలిన పద్యానికి పూర్తిగా పడిపోయింది.

ఎవరో కిసుక్కుమన్నారు. రాజు మొహం ఎర్రబడింది.

"మల్లుభట్టూ! అంటే మేమూ అబద్ధమాడామనేనా నీ ఉద్దేశం?"

నవ్విన వాళ్లు నోళ్లు మూసుకున్నారు. కనకసాని కళ్లు మూసుకుంది. మల్లుభట్టు మాత్రం వినయంగా వంగాడు.

"ఎంతమాట ప్రభూ! తమరు అన్నం మానేసింది చిలక పోయినందుకే. ఈ పెద్దలే, చచ్చిన చిలక చేత దానిమ్మగింజలు తినిపించారు."

రాజు ఒక్క క్షణం ఆలోచించాడు. "అవునవును, పిల్లే! ఇప్పుడు గుర్తొచ్చింది" అంటూ పొట్ట పట్టుకుని నవ్వాడు. రాజు నవ్వాడు కాబట్టి సభంతా ధైర్యంగా నవ్వింది. పెద్దిరాజు మరీ గట్టిగా నవ్వాడు.

"ఇంతకీ నాటకం బాగుందా, లేదా?" అన్నాడు రాజు కళ్లు తుడుచుకుంటూ.

"మళ్లీ ఆడించండి ప్రభూ. మొన్న అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈసారి నాటకం చూస్తారు."

రాజు మెచ్చి కనకసానికి మాన్యం రాసిచ్చాడు. తన మెడలోని ముత్యాలహారం తీసి మల్లుభట్టు మెడలో వేశాడు.

కనకసాని దణ్ణం పెట్టి మెల్లగా అంది:

"ఏలినవారి దయ. ఈసారి ఆ పిల్లి ఘట్టం కూడా పెడతానండీ. ఆ వేషానికి తగిన మనిషి దొరక్కే మొన్న మానేశాను."

సభలో ఉన్న కళ్లన్నీ ఒక్కసారిగా సోమయాజి మీసాల మీద వాలాయి.