అరిగిన వెలగచిప్ప

అనగనగా ఎర్రమెట్ట అని ఒక అడవి ఉండేది. అక్కడ ఎత్తైన చెట్లు లేవు, పారే నది లేదు. ఉన్నదల్లా ఎర్రని నేల, ముళ్ళపొదలు, వానలు వెనుకబట్టాక పండే ఊదగింజలు. ఆ అడవి ప్రాణులు పండినదంతా ఒకచోట రాశిపోసి, తలకు ఇంతని సమంగా పంచుకొనేవి.

రాశిని కొలిచే పని శలాక అనే ముదుసలి ఏదుపందిది. ఆమె కొలపాత్ర ఒక వెలగచిప్ప. ఎండిన వెలగకాయను సరిగా నడిమికి పగులగొట్టి తల్లి ఇచ్చిన రెండు చిప్పలలో అది ఒకటి. రెండవది ఆమె బొరియలో ఒక మూల ఏనాడూ వాడకుండా ఉండిపోయింది.

శలాక కొలత అంటే అందరికీ గురి. చిప్పను నిండుగా ముంచి, పైకి లేచిన గింజలను గరుకైన రాతిపలకతో అంచు వెంబడి గీసివేసేది. ఆపైన అడవిలోని తలలన్నీ లెక్కించేది. నిన్న పుట్టిన కుందేలు కూనను సైతం విడిచేది కాదు. పాలు తాగే దానికి గింజల లెక్క ఎందుకని కౌజుపిట్టలు ఎగతాళి చేస్తే, "రేపు తినబోయేది అదే కదా, తల్లీ" అనేది.

శలాక కొలత చేపట్టిన మొదటి ఏడాది తలకు ఆరు చిప్పలు వచ్చాయి. ఆ తరువాత ప్రాణులన్నీ కలిసి వాననీటికి అడ్డంగా మట్టికట్టలు కట్టాయి. మంచి విత్తనం ఏరి దాచుకున్నాయి. పన్నెండేళ్ళలో తలలు రెండింతలయ్యాయి. అయినా వంతు ఏడైంది, ఎనిమిదైంది, తొమ్మిదైంది. పదమూడవ ఏట కొలత ముగించి శలాక పలికిన సంఖ్య పది.

పది అంటే మాటలు కాదు. ఎర్రమెట్టకు ఎగువన పైకోన అనే సంపన్నమైన అడవి ఉంది. తలకు పది చిప్పలకన్న తక్కువ వచ్చే అడవులకు పైకోనవారు వేసవిలో తమ ఊటనీటిని కాలువ గుండా వదిలేవారు. వంతు పదికి చేరిన అడవికి నీరు ఆగిపోతుంది. అందుకు బదులుగా అడవుల సభలో నిలబడి మాట్లాడే గౌరవం దక్కుతుంది. అంతవరకు ఎర్రమెట్టవారు ఆ సభలో వెనుక వరుసలో కూర్చుని వినడమే కాని, నోరు తెరిచినది లేదు.

అడవి పెద్ద దీర్ఘశృంగుడు అనే దుప్పి. అతని ఆనందానికి మేర లేదు. వారం తిరిగేసరికి పైకోన దూత వస్తాడని, ఆ సంఖ్య అతని చెవిన వేయాలని చాటించాడు. శలాక తన ముళ్ళను నునుపుగా దువ్వుకొని, నాలుగు రోజులు తల ఎత్తుకొని తిరిగింది.

అయిదవనాడు చారుమతి అనే ఉడుత వచ్చి ఆమె ముందు నిలిచింది.

"అవ్వా, కోపగించుకోకు. నా వంతు పది చిప్పలూ తొర్రలో పోశాను. తొర్ర నిండలేదు."

"దారిలో ఎన్ని నమిలావే?"

"ఒక్క గింజ ముట్టలేదు. మొదటి ఏడాది మా అమ్మ నీ చిప్పతోనే ఇసుక కొలిచి, సరిగా పది పట్టేటట్లు ఆ తొర్ర తొలిచింది. ఆరు వస్తుంటే పదికి తొర్ర ఎందుకని అందరూ నవ్వారట. ఏనాటికైనా వస్తాయి అన్నదట మా అమ్మ."

శలాక ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి. తానే వెళ్ళి ఆ గింజలు బయటికి తీయించి కొలిచింది. పది. మళ్ళీ కొలిచింది. పది. మూడవసారీ పదే. గింజలన్నీ తిరిగి పోస్తే తొర్ర మాత్రం పైన వెలితిగానే ఉంది.

అప్పుడు ఆమెకు మూలనున్న రెండవ చిప్ప గుర్తుకు వచ్చింది. తెచ్చి రెండింటినీ పక్కపక్కన పెట్టింది. వాడుతున్న చిప్ప అంచు గోరంత కిందికి దిగి ఉంది. ఏటేటా రాతిపలకతో గీసి గీసి, ఒక్క గింజ హెచ్చు రాకూడదన్న పట్టుదలతో, తన చేతులతో తానే దానిని అరగదీసింది. రెండవ చిప్పతో కొలిస్తే ఆ గింజలు ఎనిమిది చిప్పలే వచ్చాయి.

ఆమె వెంటనే దీర్ఘశృంగుని దగ్గరకు వెళ్ళి రెండు చిప్పలూ చూపింది. అతడు గొంతు తగ్గించి, ఒక ఉడుత తొర్రలోకి తొంగిచూసేవారెవరని అడిగాడు. రెండవ చిప్పను కూడా ఒక పూట రాతికి రాస్తే రెండూ సమానమైపోతాయి కదా అన్నాడు. మన పిల్లలు సభలో ఎన్నాళ్ళు వెనుక కూర్చోవాలని వాపోయాడు.

ఆ చివరి మాట శలాకకు గుచ్చుకుంది. ఇన్నేళ్ళ తన పేరు ఒక్క మాటతో మట్టిలో కలుస్తుందని ఆమెకూ తెలుసు.

"నాయనా, నేను పది అన్నంత మాత్రాన నిన్న పుట్టిన కుందేలు కూన నోటికి మరి రెండు చిప్పలు రావు. వేసవిలో నీళ్ళు మాత్రం ఆగిపోతాయి" అన్నది.

దీర్ఘశృంగుడు సరేనన్నట్లు కొమ్ములు వంచాడు.

చెప్పిన ఉదయానికి పైకోన దూత వచ్చాడు. అతడొక అడవిదున్న. ఎర్రమెట్టవారంతా చుట్టూ చేరారు. శలాక రెండు చిప్పలనూ అతని ముందు పెట్టింది.

"అయ్యా, వంతు పది అని చాటినది నేను. అది తప్పు. నా చిప్ప అరిగింది. నడుమ చెప్పిన సంఖ్యలన్నీ కొంచెం కొంచెంగా ఎక్కువ చెప్పాను. మొదటి ఏడాది చిప్ప కొత్తది, కనుక ఆ ఆరు నిజం. నేటి నిజం ఎనిమిది. తలలు రెండింతలైనా ఆరును ఎనిమిది చేసుకున్నాము. ఈ వేసవికి మాకు నీరు కావాలి. తల వంచుకొని అడగడం లేదు, లెక్క చెప్పి అడుగుతున్నాము."

దున్న అరిగిన అంచును ముట్టెతో తడిమి చూశాడు.

"మా పైకోనలోనూ ఒక కొలపాత్ర ఉంది. అది అరిగిందో లేదో మేము ఎన్నడూ చూసుకోలేదు. అవ్వా, అరగని ఆ చిప్పను మాకు ఒక్కసారి ఇస్తావా?"

"ఇవ్వను. మీ వెలగకాయ మీరు పగులగొట్టుకోండి" అన్నది శలాక.

దున్న పకపక నవ్వి, నీరు వస్తుందని మాట ఇచ్చి వెళ్ళాడు. ఆ వేసవిలో కాలువ నిండుగా పారింది. నాటినుండి శలాక అరగని చిప్పతో కొలిచింది. రాతిపలక మాని, నెమలి ఈకతో గింజలను సరిచేసింది. ఆ వెలగచిప్పకు సమంగా మరొక చిప్పను చెక్కించి, ఏటా మొదట ఆ రెండింటినీ పోల్చి చూశాకే రాశిని ముట్టుకొనేది.

మరి మూడేళ్ళకు లెక్క మళ్ళీ పదికి వచ్చింది. శలాక దానిని అప్పుడే చాటలేదు. నేరుగా చారుమతి తొర్ర దగ్గరకు నడిచింది. తొమ్మిదవ చిప్ప పోశారు. పదవది పోశారు. గింజలు తొర్ర అంచుకు వచ్చి నిలిచాయి. ఒక్క గింజ మాత్రం నిలువలేక జారి, శలాక కాళ్ళ ముందు పడింది.

"మా అమ్మ ఉంటే బాగుండేది" అన్నది చారుమతి.

శలాక ఆ గింజను తీసి తొర్రపైన పెట్టి, వెనుదిరిగి అందరికీ వినబడేటట్లు పది అని చాటింది. ఆ ఏడాది అడవుల సభలో దీర్ఘశృంగుడు ముందు వరుసలో నిలబడి మాట్లాడాడు. ఆ కొలతను ఎవ్వరూ ప్రశ్నించలేదు.

నీతి: ఎంత ఎదిగామో చెప్పే ముందు, కొలిచే పాత్ర మొదటినాటివలెనే ఉన్నదో లేదో చూసుకోవాలి. నిజమైన ఎనిమిదిని ఒప్పుకున్నవారికే నిజమైన పదిని చూసి గర్వించే హక్కు ఉంటుంది.