కళ్ళు మూసుకున్న బడి

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక ఇంగ్లీషు బడి. నవ్వకండర్రా, నిజంగా బడే! మాస్టారు ఒక కొండముచ్చు. ఊళ్ళో బడి కిటికీకి వేలాడి నాలుగు ఇంగ్లీషు ముక్కలు పట్టుకొచ్చాడు. ఇక చూడాలి ఆయన దర్జా! తాను చెట్టుకొమ్మ మీద కూర్చుని, చింతబరికె ఊపుతూ, కింద బారుగా కూర్చున్న పిల్లల చేత వల్లె వేయించేవాడు.

ఆ బడిలో కళ్ళు మూసుకుని చదవాలి. మధ్యలో ఆపకూడదు. మన భాషలో మాటొక్కటి నోరు జారిందా, బరికె లేస్తుంది.

ఆ రోజు పాఠం 'రన్'.

"ఐ రన్, యూ రన్, హీ రన్స్, షీ రన్స్, వీ రన్, దే రన్! ఊఁ, కానివ్వండి!" అన్నాడు మాస్టారు.

బూరి అనే కుందేలు పిల్ల చెయ్యెత్తింది. "మాస్టారూ, రన్ అంటే ఏమిటండీ?"

బరికె చెవి మీద చుర్రుమంది. "అర్థాలు కావాల్సొచ్చాయా నీకు? నోరు మూసుకుని చదువు!"

నోరు మూసుకుని ఎలా చదవాలో ఆయనకే తెలియాలి. బూరి కళ్ళు మాత్రం మూసుకుంది. అందరూ మూసుకున్నారు.

"ఐ రన్, యూ రన్..."

వెనక పొదలో ఎండుటాకు చిటుక్కుమంది. బూరి చెవులు నిక్కాయి. అంతలోనే వరస చివర కౌజుపిట్ట గొంతు ఆగిపోయింది.

కళ్ళు తెరుద్దామా? చెవి ఇంకా మండుతోంది. బూరి తెరవలేదు.

"హీ రన్స్, షీ రన్స్..."

ఈసారి ఎలుక పిల్ల గొంతు. సగం మాటలో, పీక నొక్కేసినట్టు.

"గొంతులు తగ్గుతున్నాయేం? గట్టిగా!" పైనుంచి మాస్టారు గద్దించాడు. ఆయనా కళ్ళు మూసుకునే ఉన్నాడు, తన పాఠానికి తానే మురిసిపోతూ.

"వీ రన్, దే రన్!" పిల్లలు గొంతు చించుకున్నారు. రన్ అంటే పరిగెత్తడమని ఒక్కరికీ తెలియదు. తెలిసినా కదిలేవాళ్ళా?

బూరిని ఆనుకుని కూర్చున్న ఉడుత పిల్ల గజగజ వణుకుతోంది. ఇంతలో వాళ్ళ మెడల మీద వెచ్చటి ఊపిరి తగిలింది. పచ్చినెత్తురు వాసన కొట్టింది. బరికెకి భయపడాలా, ఈ ఊపిరికా?

బూరి కళ్ళు తెరిచి వెనక్కి తిరిగింది.

మూరెడు దూరంలో బావురుపిల్లి! మీసాలకి కౌజుపిట్ట ఈక అంటుకుని ఉంది. ఉడుత మీదికి పంజా లేస్తోంది.

"బావురుపిల్లి! పరిగెత్తండర్రా!" అడవి అదిరేలా అరిచింది బూరి, వాళ్ళమ్మ నేర్పిన మాటల్లో. అరుస్తూనే ఉడుతను ఒక్క తోపు తోసింది.

పిల్లలు తలో దిక్కుకి దూకారు. పంజా ఖాళీ నేల మీద పడింది.

"ఎవరే మన భాషలో అరిచింది?" బరికె ఎత్తుతూ మాస్టారు కళ్ళు తెరిచాడు. కింద ఒక్క పిల్లా లేదు. బావురుపిల్లి మూతి నాక్కుంటూ తీరిగ్గా పొదలోకి పోతోంది. రెండు చోట్ల నేల ఎర్రగా తడిసి ఉంది.

బండ వెనక నుంచి బూరి గొంతు వినిపించింది. "నేనేనండీ అరిచింది. కొడితే కొట్టండి. సాయంత్రం కౌజుపిట్ట తల్లి వస్తుంది, ఎలుక తల్లి వస్తుంది. వాళ్ళకి ఏ భాషలో చెబుతారో ముందు అది చూసుకోండి."

మాస్టారి చేతిలోంచి బరికె జారి, ఆ తడి నేల మీద పడింది. తీసుకోవడానికి ఆయన కిందికి దిగలేదు.

నీతి: దెబ్బలకి భయపడి కళ్ళు మూసుకుంటే చదువూ రాదు, ప్రాణమూ దక్కదు. తెలియనిది అడగండి, ఆపద కనబడితే, ఎవరు కొట్టినా సరే, అరవండి.