పిడికెడు బియ్యం కుండ

పొద్దున వంటింట్లో నేను కేకేశానని ఇంకా మూతి ముడుచుకునే ఉన్నావా? ఉండు, ఉండు. ఆ చిన్న కుండ మూత తీసి, ఇందులో బియ్యం ఎవరు వేశారే అని అరిచాను గదా. ఎందుకు అరిచానో కథ అయ్యాక చెప్తాను. ముందు ఆ కాలు నా మీంచి తియ్యి, దుప్పటి లాక్కో. ఊఁ కొట్టకపోతే మధ్యలో ఆపేస్తాను, నా సంగతి నీకు తెలుసు.

అనగనగనగా, కాలవ గట్టు మీద ఒక ఊళ్ళో, జకరయ్య అని ఒకాయన ఉండేవాడు. తుంగ చాపలు అల్లేవాడు. ఆ ఊరి గుళ్ళో ప్రార్థనకి పరిచే చాపలు కూడా ఆయన అల్లినవే. ఆయన భార్య కరుణమ్మ. వాళ్ళకి ఎనిమిదేళ్ళ కూతురు, పేరు సువార్త. తాటాకిల్లు, రెండు కోళ్ళు, ఒక లాంతరు. అదీ వాళ్ళ ఆస్తి.

కరుణమ్మకి ఒక అలవాటు ఉండేది. పూటపూటా ఎసట్లో బియ్యం పోసేముందు ఒక్క పిడికెడు తీసి, కళ్ళు మూసుకుని, ఆ పిడికిలి గుండెకి ఆనించుకుని, పొయ్యి పక్కనున్న చిన్న కుండలో వేసేది. ఇంట్లో ఎంత ఇబ్బందిగా ఉన్నా సరే, ముందు దేవుడి పిడికెడు, తర్వాతే మనకి అనేది. ఆదివారం ఆ కుండ గుడికి తీసికెళ్ళి గంపలో పోసేది. ఊళ్ళో ఆడవాళ్ళందరూ అట్లాగే పోసేవాళ్ళు. ఆ బియ్యం దిక్కులేని ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్ళేది.

అట్లా ఉండగా ఒక వానాకాలం కరుణమ్మకి జ్వరం వచ్చింది. మూడు రోజులు జకరయ్య మంచం పక్కన మోకాళ్ళ మీదే ఉన్నాడు. గుళ్ళో వాళ్ళంతా వచ్చి ప్రార్థన చేశారు. మూడో రోజు పొద్దు వాలేసరికి కరుణమ్మ పోయింది.

అప్పుడు జకరయ్య మనసు రాయి చేసుకున్నాడు. అడిగితే ఇస్తానన్నవాడు ఇవ్వలేదు, ఇంక ఈ ఇంట్లో ఆ పేరు ఎత్తొద్దన్నాడు. అన్నం ముందు ప్రార్థన మానేశాడు. సాయంత్రం పాట మానేశాడు. ఆదివారం గుడి మానేశాడు.

సువార్త అమ్మ చీర కప్పుకుని, ఆ మూడూ లేని ఇంట్లో నిద్ర పట్టక దొర్లేది. ఆ పిల్లకి అమ్మ కావాలి. అమ్మతో పాటు పోయిన ఆ పాట కావాలి. ఆదివారం పొద్దున్నే తల దువ్వి, పూసలదండ వేసి, తనని గుడికి నడిపించుకెళ్ళే ఆ చెయ్యి కావాలి. ఇవేవీ నాన్నని అడగలేదు. అడిగితే నాన్న ఏమైపోతాడోనని భయం.

కానీ చూడు, మనిషి వద్దన్నంత మాత్రాన అన్నీ మాట వింటాయా? ఆదివారం గంట కొట్టేవాళ్ళు. గాలికి తలుపు వెయ్యలేం కదా, ఆ మోత తిన్నగా ఇంట్లోకే వచ్చేది. తెల్లారగట్ల కోడి కూసేది. ఆ కూత వినగానే కరుణమ్మ, "ప్రభువుని ఎరగనని బొంకిన శిష్యుణ్ణి ఏడిపించిన కోడి కూస్తోంది, లేవండి" అనేది ఒకప్పుడు. ఇహ చాపల సంగతి చెప్పనే అక్కర్లేదు. నిలువున జనపతాడు, అడ్డంగా తుంగపుల్ల. ఎన్ని అల్లికలు పడితే అన్ని సిలువలు. ఆ పేరు ఎత్తొద్దన్న మనిషే పొద్దస్తమానం కూర్చుని సిలువలు అల్లేవాడు. సువార్త వాటిని వేలితో తడుముకునేది గానీ, నాన్నకి మాత్రం చెప్పేది కాదు.

ఆ తర్వాత ఇంటి పని ఇద్దరూ పంచుకున్నారు. పొద్దున జకరయ్య తుంగ కోయడానికి వెళ్తే సువార్త అన్నం వండేది. సాయంత్రం సువార్త కాలవకి నీళ్ళకి వెళ్తే జకరయ్య వండేవాడు.

మొదటిరోజు పొద్దున సువార్త చేటలో బియ్యం తీసుకుంది. అప్పుడు పొయ్యి పక్కనున్న కుండ కనపడింది. మూత తీసి చూస్తే అడుగున నాలుగు గింజలున్నాయి. అమ్మ కుండ ఇంక ఇట్లా ఉండిపోతుందా అని దిగులేసింది. గబగబా ఒక పిడికెడు తీసి, గుండెకి ఆనించుకుని, కుండలో వేసి మూత పెట్టేసింది. దాని పిడికిలి ఎంతని? కోడిగుడ్డంత. నాన్నకి తెలిస్తే ఏమంటాడోనని రోజూ దొంగచాటుగా వేసేది.

వారం తిరిగింది. చూస్తే కుండ సగం దాటింది. నా ఏడు పిడికిళ్ళకి ఇంత రాదే అనుకుంది సువార్త.

అప్పుడు ఒక పని చేసింది. తన పిడికెడు వేశాక, అరచేత్తో బియ్యం చదును చేసి, దాని మీద వేలితో చిన్న సిలువ గీసింది. మర్నాడు పొద్దున మూత తీసింది. సిలువ లేదు. సిలువ గీసిన చోట కుప్ప ఉంది. పెద్ద పిడికిలి వేసిన కుప్ప.

అమ్మ వస్తోంది అనుకుంది సువార్త. ఇంకెవరు వేస్తారు? నాన్నేమో ఆ పేరే ఎత్తడాయె. తను లేనప్పుడు అమ్మ వచ్చి, తన పిడికెడు తను వేసి, చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోతోంది. ఒక్కసారి కనపడితే చాలు. మాట్లాడకపోయినా పర్లేదు, కొంగు పట్టుకోనిస్తే చాలు. ఆ రోజు నుంచీ రోజూ బియ్యం చదును చెయ్యడం, సిలువ గీయడం, కాచుకోవడం.

మొదటిరోజు కోడి కూయకముందే లేచి చూసింది. కుప్ప అప్పటికే ఉంది. రెండో రోజు పడుకోబోయేముందు చూసింది. కుప్ప అప్పటికే వచ్చేసింది. అయితే అమ్మ సాయంత్రమే వస్తోంది, నేను కాలవ దగ్గరున్నప్పుడు వస్తోంది అనుకుంది. మూడో రోజు బిందె గట్టు మీద బోర్లించేసి, వెనక్కి పరుగెత్తుకొచ్చి, వంటింటి దడి సందులోంచి చూసింది.

లోపల నాన్న ఒక్కడే ఉన్నాడు. పొయ్యి ముందు గొంతుక్కూర్చున్నాడు. చేటలోంచి ఒక పిడికెడు తీశాడు. కళ్ళు మూసుకుని, ఆ పిడికిలి అచ్చం అమ్మలాగే గుండెకి ఆనించుకున్నాడు. చాలాసేపు అట్లాగే ఉన్నాడు. తర్వాత కుండ మీద పిడికిలి విప్పాడు.

నిజం చెప్పాలంటే సువార్తకి సంతోషం కలగలేదు. ఏడుపొచ్చింది. అమ్మ కాదు. అమ్మ రాలేదు, ఇంక రాదు. ఇన్నాళ్ళూ దాచుకున్న ఆశ కాస్తా ఆ సందు దగ్గరే పోయింది. ఆపుకోలేక గట్టిగానే ఏడ్చేసింది.

జకరయ్య బయటికొచ్చి పిల్లని ఎత్తుకున్నాడు. పొద్దున వేసేది తనేనని సువార్త ఒప్పేసుకుంది. అమ్మ వస్తోందనుకున్న సంగతి కూడా వెక్కుతూ చెప్పింది. జకరయ్య మొహం పక్కకి తిప్పుకుని అన్నాడు.

"సాయంత్రం మూత తీసేసరికి బియ్యం చదునుగా ఉండేది, మీద సిలువ ఉండేది. నేనూ మీ అమ్మే అనుకున్నానే."

అంత మనిషీ పిల్ల మెడలో మొహం దాచుకుని ఏడ్చాడు. కరుణమ్మ పోయాక ఆయన ఏడవడం అదే మొదలు. పొయ్యి మీద ఎసరు మరిగి మరిగి సగమైంది.

ఆ తర్వాత సువార్త మెల్లిగా అడిగింది. "నాన్నా, నేను దేవుడి కోసం వెయ్యలేదు. అమ్మ కోసం వేశాను. ఆయనకి కోపం వస్తుందా?"

"నేనూ అంతేనమ్మా," అన్నాడు జకరయ్య. "ఆయనకి తెలిసే ఉంటుందిలే. అయినా గుండెకి ఆనించుకోకుండా ఒక్కరోజు కూడా వెయ్యలేకపోయాను."

ఆదివారం వచ్చింది. గంట కొట్టారు. కుండ అంచుదాకా నిండి ఉంది. జకరయ్య సువార్తకి తల దువ్వాడు. పాపిట వంకర పోయింది, అయినా పిల్ల కిక్కురుమనలేదు. పూసలదండ వేశాడు. అప్పుడు కుండ తీసి చంకన పెట్టుకున్నాడు. పిడికెడు బియ్యం తేవడం ఆడవాళ్ళ పని. మగవాడు ఆ కుండ మోసుకురావడం ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు. గుడి గుమ్మం దగ్గర ఆయన కాళ్ళు ఆగిపోయాయి. సువార్త ఆయన వేలు పట్టుకుని లాగింది.

ఇద్దరూ ఆడవాళ్ళ మధ్యలోంచి నడిచారు. ఆడవాళ్ళు కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. ప్రార్థన చేయించే అయ్యగారు పాట ఆపలేదు. జకరయ్య గంపలో బియ్యం పోశాడు. పెద్ద పిడికిలివి ఏవో, చిన్న పిడికిలివి ఏవో ఇంక ఎవరూ ఏరలేరు. ఆ రోజు ఆయన పాడలేదు. మగవాళ్ళ వైపు చివర కూర్చుని, తను అల్లిన చాప మీద సిలువల్ని వేలితో తడుముతూ ఉన్నాడంతే. సువార్త అమ్మ కూర్చునే చోటికి వెళ్ళింది. పక్కన కాస్త చోటు వదిలి కూర్చుంది.

మళ్ళీ పాడాడా అంటావా? పాడాడు. ఏడాది పట్టింది. మనిషి మనసు తుంగపుల్లా ఏమన్నానా, నానబెట్టగానే వంగడానికి?

ఆ సువార్తే మా అమ్మ. కాపురానికి వచ్చేటప్పుడు ఆ కుండ చంకన పెట్టుకుని తెచ్చుకుంది. తర్వాత నాకిచ్చింది. మన పొయ్యి పక్కన అంచు విరిగిన కుండ ఉందే, అదే ఆ కుండ. అమ్మ పోయి పదకొండేళ్ళయింది. నేను రోజూ పిడికెడు వేసి, బియ్యం చదును చేసి మూత పెడతాను. మర్నాడు మూత తీసేముందు ఒక్క క్షణం ఆగుతాను, మీద కుప్ప ఉంటుందేమోనని. నవ్వకు. ముసలిదాన్నయితే మాత్రం, నేనూ ఒక అమ్మకి కూతుర్నే కదా.

ఏ రోజూ ఉండదు. ఈ పొద్దున ఉంది. కోడిగుడ్డంత కుప్ప. అందుకే కేకేశాను బంగారం, కోపంతో కాదు. నువ్వొచ్చి, నేనే వేశానమ్మమ్మా అని బిక్కమొహంతో చెప్పాక, నేను కొంగు నోట్లో కుక్కుకుని దొడ్లోకి వెళ్ళాను చూడు, అదీ కోపంతో కాదు.

రేపు కూడా వెయ్యి. ముందు గుండెకి ఆనించుకోవాలి, మర్చిపోకు. ఇంక కళ్ళు మూసుకో.

పిడికెడు గింజలు గంపలోకి,
గుడి గంట మోత గాలిలోకి,
కథ పోయింది కంచిలోకి,
మనం పోదాం దుప్పట్లోకి.