అడగకుండా కట్టిన ఇంటి బండి

అనకాపల్లిలో బస్సు బాడీలు కట్టే షెడ్డు నడిపే గవర్రాజుకు భార్య నూకరత్నం అంటే ప్రాణమే గాని, ‘నీకేం కావాలి?’ అని ఆమెను అడిగే అలవాటు మాత్రం లేదు.

అడగడం దేనికి, నాకు తెలియదా అనుకునేవాడు. పండక్కి చీర తనే ఎంచి తెచ్చేవాడు. వంటింటి గట్టు ఎంత ఎత్తుండాలో తనే చెప్పి కట్టించాడు. ఆమెకు మోకాలు నొప్పి చేస్తే, ఆమె నోరు విప్పకముందే డాక్టరుకు ఆమె బాధంతా తనే చెప్పేసేవాడు. ఏం తెచ్చినా, ఏం చేసినా నూకరత్నం “బాగుందండీ” అనేది. ఆ ఒక్క మాటకే అతడు పొంగిపోయేవాడు.

గవర్రాజు కట్టిన బస్సులు ఊరూరా తిరిగేవి. కట్టిన మనిషి మాత్రం షెడ్డు దాటి ఎక్కడికీ పోయేవాడు కాదు. అతడితో పాటు నూకరత్నమూ ఇంటిపట్టునే ఉండిపోయింది. వయసు పైబడ్డాక అతడు షెడ్డును తమ్ముడు పైడిరాజు చేతికి అప్పగించాడు. ఇన్నాళ్ళూ భార్యను ఎక్కడికీ తిప్పలేదన్న బెంగ అప్పుడు పట్టుకుంది. ఆమె కోసం ఒక ఇంటి బండి కట్టాలని నిశ్చయించుకున్నాడు. అంటే, అందులోనే తిని, అందులోనే పడుకుని, దేశమంతా తిరగగలిగే బండి.

పాత మినీబస్సు ఒకటి చూసి కొన్నాడు. కొనేముందు ఇంజను చప్పుడు విని చూశాడు. కిందికి దూరి పడుకుని ఎక్కడైనా తుప్పు పట్టిందేమో సుత్తితో తట్టి చూశాడు. వాన పడిన రోజున వెళ్ళి పైకప్పు కారుతోందేమో చూసి వచ్చాడు. బండిని చూడటంలో అతడు ఏ పొరపాటూ చెయ్యలేదు. అందులో కూర్చోబోయే మనిషిని అడగకపోవడమే అతడు చేసిన పొరపాటు.

షెడ్డు వెనక టార్పాలిన్ కట్టి, దాని చాటున పని మొదలుపెట్టాడు. నూకరత్నం టీ తెచ్చి ఇచ్చి, “ఏం కడుతున్నారండీ?” అని అడిగేది.

“నీకు తప్ప ఇంకెవరికైనా చెబుతాను,” అని నవ్వేవాడు.

బండి పూర్తయిన రోజున టార్పాలిన్ లాగేసి భార్యను పిలిచాడు. నూకరత్నం లోపలికి ఎక్కడానికి రెండు చేతులతో తలుపు పట్టుకోవలసి వచ్చింది. మెట్టు అంత ఎత్తుగా ఉంది. లోపల రెండు పొయ్యిల గ్యాస్ స్టౌ, సింకు, ఫ్రిజ్, మిక్సీ, గోడ పొడుగునా అలమరాలు, పెద్ద నీళ్ళ ట్యాంకు, మెత్తని పరుపు.

“ఇదంతా నా కోసమేనా?” అంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“మరెవరి కోసం? నీకు బయటి తిండి పడదు కదా! ఎక్కడికెళ్ళినా నీ చేతి వంటే చేసుకోవచ్చు.”

ఆమె ముందువైపు చూసింది. డ్రైవరు పక్కన సీటు లేదు. ఆ చోట ఫ్రిజ్ ఉంది.

“నేనెక్కడ కూర్చోవాలండీ?”

“వెనక పరుపు మీద! రాణీలా పడుకుని రా. దుమ్ము పడకుండా కిటికీ కూడా చిన్నదిగా, పైకి పెట్టించాను.”

నూకరత్నం ఒక్క క్షణం ముందున్న పెద్ద అద్దం వైపు చూసి, “బాగుందండీ,” అంది.

పైడిరాజు బండి చుట్టూ తిరిగి చూశాడు. “అన్నయ్యా, ముందు దగ్గర్లో ఏ తుమ్మపాలకో వెళ్ళి ఒక రాత్రి ఉండి రండి. ఏది అక్కర్లేదో, ఏది మరిచిపోయామో అప్పుడు తెలుస్తుంది. బరువు కూడా ఎక్కువైనట్టుంది,” అన్నాడు.

“బస్సులు కట్టినవాణ్ణి. నాకు చెబుతావా?” అని గవర్రాజు నవ్వేశాడు. మర్నాడే ట్యాంకు నిండా నీళ్ళు పట్టి, అరకు బయలుదేరాడు.

కొండెక్కుతుంటే గవర్రాజు ఒకటే మురిసిపోయాడు. వెండిలా మెరిసే చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, వాటి నీడన కాఫీ తోటలు, మలుపు మలుపుకీ కింద లోయ. “చూశావా, రత్నం?” అని అరిచేవాడు. “చూస్తున్నానండీ,” అని వెనక నుంచి వినిపించేది.

అరకులో ఉన్నన్నాళ్ళూ పొద్దున లేవగానే అతడు పసుపు పచ్చగా విరగబూసిన వలిసె పూల పొలాల వెంట నడిచి వచ్చేవాడు. ఆ సమయానికి నూకరత్నం బండిలో ఇడ్లీ వేస్తూ ఉండేది. అతడు చాపరాయి వాగు నీళ్ళల్లో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నప్పుడు ఆమె గిన్నెలు కడుగుతూ ఉండేది. బండి కాస్త ఏటవాలుగా నిలబడితే చాలు, పప్పు ఒక పక్కకు ఒరిగి గిన్నె అంచున మాడేది. ఆమె చెయ్యి కాలినా చెప్పలేదు. అతడు వచ్చి వేడి వేడిగా తిని, “ఇంటి సుఖం ఎక్కడికొచ్చినా ఇంటి సుఖమే!” అనేవాడు.

తిరుగు ప్రయాణంలో కొండ దిగుతుండగా అసలు సంగతి జరిగింది.

అనంతగిరి దాటాక దిగుడు నిటారుగా ఉంటుంది. బండిలో సామాను బరువు, నీళ్ళ బరువు, ఇనుప అలమరాల బరువు కలిసి వెనక నుంచి తోస్తున్నాయి. గవర్రాజు మాటిమాటికీ బ్రేకు తొక్కుతూ వచ్చాడు. ఒక మలుపు దగ్గర కాలిన వాసన వేసింది. మళ్ళీ తొక్కాడు. కాలు కిందికి జారిపోయిందే తప్ప బండి ఆగలేదు. ఎదురుగా రోడ్డు తిరిగిపోతోంది. అవతల లోయ. అతడు గేరు కిందికి లాగి, హ్యాండ్ బ్రేకు గుంజి, బండిని కొండవైపు కాలువలోకి దించేశాడు. బండి గట్టుకు రాసుకుంటూ వెళ్ళి, ఒక్క కుదుపుతో ఆగింది.

“రత్నం!” అన్నాడు.

“ఉన్నానండీ.”

వెనక్కి పరుగెత్తాడు. అలమరా తలుపులు తెరుచుకుని డబ్బాలన్నీ కింద పడ్డాయి. వాటి మధ్య నూకరత్నం పోపుల డబ్బాను రెండు చేతులతో గుండెకు అదుముకుని కూర్చుని ఉంది. దెబ్బలేమీ తగల్లేదు. గవర్రాజు ఆమె పక్కన కూలబడ్డాడు. ఆమే అతడి వీపు నిమిరింది.

చక్రాల కింద రాళ్ళు పెట్టి, బ్రేకులు చల్లారేదాకా ఆగాలనుకున్నారు. ఇంతలో అరకు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సు వాళ్ళను చూసి ఆగింది.

“రత్నం, నువ్వు ఈ బస్సు ఎక్కు. కొండ కింద ఎస్.కోట బస్టాండులో కూర్చో. నేను నెమ్మదిగా దించుకొస్తాను.”

“మిమ్మల్ని వదిలి నేను వెళ్ళను.”

“నువ్వు లోపలుంటే నా కాళ్ళు వణుకుతాయి. వెళ్ళవే, నా తల్లీ.”

ఆమె వెనక్కి తిరిగి చూస్తూ, చూస్తూ బస్సెక్కింది.

గవర్రాజు ట్యాంకులో నీళ్ళన్నీ కొండవాలున వదిలేశాడు. చక్రాలు పూర్తిగా చల్లారాక, బండిని మెల్లగా కాలువలోంచి రోడ్డెక్కించి బయలుదేరాడు. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలన్నది తన షెడ్డుకొచ్చిన డ్రైవర్లు ఎప్పుడూ చెప్పుకునే మాట. రెండో గేరు వదలకుండా, బ్రేకు తక్కువగా వాడుతూ, నత్తలా దిగాడు. దారంతా అతడి కళ్ళకు పోపుల డబ్బా పట్టుకున్న ఆ రెండు చేతులే కనిపించాయి.

ఎస్.కోట చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఆమె ఎంత బెంగపడుతూ కూర్చుందోనని గవర్రాజు బస్టాండులోకి గబగబా నడిచాడు. టీ కొట్టు దగ్గర నూకరత్నం కనిపించింది. అతడివైపు వీపు పెట్టి, కొట్టామెతో చేతులు తిప్పుతూ మాట్లాడుతోంది. ఆమె అలా మాట్లాడటం అతడెప్పుడూ వినలేదు.

“బస్సులో ముందు సీటే దొరికిందమ్మా! ఎదురుగా అంతా అద్దమే. మలుపు తిరిగినప్పుడల్లా లోయ మన మీదికి వస్తున్నట్టే ఉంది. ఒకచోట మబ్బు రోడ్డు మీదికి దిగిపోయింది. మేం దాని లోంచి వచ్చాం. కొండ మీంచి నీళ్ళు ఎంత తెల్లగా పడుతున్నాయనీ! మా ఆయన పక్కనుంటే ఎంత బాగుండేదో! ఒక పక్క ఆయనకేమవుతుందోనని గుండె కొట్టుకుంటోంది. ఇంకో పక్క కళ్ళు తిప్పుకోలేకపోయాను.”

“అదేమిటమ్మా, వెళ్ళేటప్పుడు చూళ్ళేదా?” అంది కొట్టామె.

“వెళ్ళేటప్పుడు వెనక కూర్చున్నాను. కిటికీ అందదు. డబ్బాలు పడిపోకుండా పట్టుకోవడంతోనే సరిపోయింది.”

గవర్రాజు అడుగు అక్కడే ఆగిపోయింది. కొండెక్కుతూ తను “చూశావా?” అని అరిచినప్పుడల్లా “చూస్తున్నానండీ” అన్న గొంతు అతడి చెవుల్లో మోగింది.

ఆమె వెనుదిరిగి అతణ్ణి చూసింది. ముఖం విప్పారింది. “వచ్చేశారా! ఏం కాలేదు కదా?” అంటూ అతడి చేతులు, ముఖం తడిమి చూసింది. ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు. టీలు వచ్చాయి. గవర్రాజు గ్లాసు ముట్టుకోలేదు.

“రత్నం, నీకేం కావాలి?” అన్నాడు.

“టీ తాగుతున్నాను కదండీ. ఇంకేం వద్దు.”

“అది కాదు. ఆ బండిలో నీకేం కావాలి?”

నూకరత్నం అతడి ముఖంలోకి అయోమయంగా చూసింది. “నాకు అడగడం రాదండీ. అడగకముందే అన్నీ తెచ్చిపెట్టేస్తారు మీరు. కాదంటే మీ మనసు నొచ్చుకుంటుందని…”

“నొచ్చుకుంటే నొచ్చుకోనీ. చెప్పు.”

ఆమె కొంగు అంచు వేలికి చుట్టుకుంది. ఒక్కొక్క మాటే బయటికి వచ్చింది.

“నాకు మీ పక్కన కూర్చోవాలనుంది. మెట్టు ఎక్కలేకపోతున్నాను, మోకాలు పట్టేస్తోంది. ఇల్లు విడిచి వచ్చాక కూడా వంటేమిటండీ? నలుగురితో పాటు మనమూ హోటల్లో తినొచ్చు కదా?”

“నీకు బయటి తిండి పడదు కదా!”

“ఎవరన్నారు?”

గవర్రాజుకు ఎంత ఆలోచించినా, ఆ మాట ఆమె అన్నట్టు గుర్తుకు రాలేదు. అది తనే ఎప్పుడో అనుకున్న మాట. అతడికి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. “నా చేతి టీ తాగుతావా మరి?” అన్నాడు.

“పెడితే ఎందుకు తాగనూ?”

ఇంటికి రాగానే బండిని మళ్ళీ షెడ్డులోకి చేర్చాడు. ఈసారి టార్పాలిన్ కట్టలేదు. నూకరత్నాన్ని పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఒక్కొక్కటే అడిగి చేశాడు. ఫ్రిజ్ తీసి ఆ చోట సీటు బిగించాడు. మెట్టు పెట్టేటప్పుడు ఆమె కాలు మోపి చూసి, “ఇంకొంచెం కిందికి,” అంది. మళ్ళీ విప్పి దించాడు. ఇనుప అలమరాలు పీకేసి, ఆమె కూర్చుంటే కళ్ళకు అందేలా పెద్ద కిటికీ పెట్టాడు. స్టౌ ఒక్క పొయ్యిదే చాలంది. బండిలో బరువు సగానికి సగం తగ్గింది. పైడిరాజు చెప్పినట్టే ముందుగా తుమ్మపాల వెళ్ళి, శారదా నది ఒడ్డున ఒక రాత్రి ఉండి వచ్చారు. దోమతెర మరిచిపోయారని ఆ రాత్రే తెలిసింది.

ఆ తరువాత శ్రీకాకుళం వైపు బయలుదేరారు. నూకరత్నం ముందు సీట్లో కూర్చుని దారిలో ప్రతి ఊరి పేరూ పైకి చదివింది. ఆకలేస్తే ఆగి ఇడ్లీలు తిన్నారు. సాయంత్రం చెట్టు కింద బండి ఆపి గవర్రాజు టీ పెట్టాడు. పంచదార ఎక్కువైంది. “ఎక్కువైందండీ,” అని ఆమె చెప్పింది. ఆ మాటకు అతడు ఎంతో సంతోషించాడు.

నౌపడ దగ్గర ఆమె ఉన్నట్టుండి, “ఆపండి,” అంది.

గవర్రాజు చుట్టూ చూశాడు. గుడి లేదు, తోట లేదు. ఉప్పు మళ్ళు, వాటి గట్ల మీద తెల్లని ఉప్పు కుప్పలు, అంతే. నూకరత్నం దిగి గట్టు మీదికి నడిచింది. చిటికెడు ఉప్పు వేళ్ళతో తీసి నాలుక మీద వేసుకుంది. ఎండలో మెరుస్తున్న ఆ కుప్పల వంక చూస్తూ అలాగే నిలబడిపోయింది.

“ఉప్పు ఇలా పండుతుందని నాకు తెలియదండీ. ఇన్నేళ్ళూ రోజూ కూరల్లో చేత్తో వేశాను,” అంది చిన్నపిల్లలా.

గవర్రాజు ఉప్పు మళ్ళను చూడలేదు. ఆమెనే చూశాడు. తనొక్కడే నిర్ణయించి ఉంటే అక్కడ బండి ఆపేవాడే కాదు. ఇంతకాలం కాపురం చేసిన మనిషికి ఏది నచ్చుతుందో అతడికి ఇప్పుడిప్పుడే తెలుస్తోంది.

తిరిగి వస్తూ ఆమె అతడి చెయ్యి పట్టుకుంది. “నన్నే అడుగుతున్నారు గాని, మీకేం చూడాలనుందండీ?” అంది.

గవర్రాజును కూడా ఇదివరకు ఎవరూ అలా అడగలేదు. ఆలోచించి చెబుతానన్నాడు. ఇద్దరూ నెమ్మదిగా బండి వైపు నడిచారు.

నీతి: మనవాళ్ళకు ఏం కావాలో మనకు తెలుసనుకోవడం ప్రేమ కాదు, వాళ్ళనే అడిగి, వాళ్ళు చెప్పింది వినడమే ప్రేమ.